విశ్రాంతిలో కనిపించని లోటు: గుండె కండరానికి అందే రక్తం గురించి

అందరికీ నమస్కారం. గుండె జబ్బుల గురించి మాట్లాడమన్నారు. ఆ పేరు కింద చెప్పుకోవాల్సింది చాలా ఉంది. కవాటాల జబ్బులున్నాయి, లయ తప్పే జబ్బులున్నాయి, పుట్టుకతో వచ్చే లోపాలున్నాయి. ఇవాళ వాటి జోలికి పోను. ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. ఒళ్ళంతటికీ రక్తం పంపే గుండెకు తన వంతు రక్తం ఎలా అందుతుంది? ఎంత అందాలో ఏది నిర్ణయిస్తుంది? ఆ ఏర్పాటు ఎక్కడ దెబ్బతింటుంది? ఇది తెలిస్తే రిపోర్టులో "70 శాతం బ్లాక్" అని రాసి ఉన్నప్పుడు దాని అర్థమేమిటో, దానితో తేలని విషయమేమిటో మీకే తెలుస్తుంది.

గుండె గదుల నిండా ఎప్పుడూ రక్తమే కదా, దానికి మళ్ళీ వేరే సరఫరా ఎందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎడమ జఠరిక గోడ సుమారు ఒక సెంటీమీటరు మందం ఉంటుంది. ఆక్సిజన్ కణజాలం గుండా తనంతట తాను పాకగలిగేది మిల్లీమీటరులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో. కాబట్టి గదిలో ఉన్న రక్తం వల్ల లోపలి అంచున ఉన్న పలచటి పొరకు తప్ప మిగతా గోడకు లాభం లేదు. అందుకని గుండె నుంచి బృహద్ధమని మొదలయ్యే చోటే, కవాటానికి కాస్త పైన, రెండు ధమనులు విడిపోతాయి. ఒకటి కుడి కరోనరీ ధమని, ఇంకొకటి ఎడమది. ఎడమది కొద్ది దూరంలోనే రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ గుండె ముందు భాగం మీదుగా కిందికి దిగుతుంది, డాక్టర్లు ఎల్‌ఏడీ అనేది దీన్నే. రెండోది ఎడమ పక్కగా వెనక్కి చుట్టుకుపోతుంది. ఇవన్నీ గుండె పైభాగాన పాకుతూ కండరంలోకి కొమ్మలు దించుతాయి. ఆ కొమ్మలు చీలి, మళ్ళీ చీలి, చివరికి ప్రతి కండర కణం పక్కనా దాదాపు ఒక కేశనాళిక ఉండేంత దట్టంగా అల్లుకుంటాయి.

పెద్దవాళ్ళ గుండె బరువు సుమారు 300 గ్రాములు. ఒంటి బరువులో అర శాతం కూడా కాదు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు 5 శాతం అదే తీసుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి పావు లీటరు దాకా అన్నమాట.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి మనసులో పెట్టుకోండి. మిగతా ప్రసంగమంతా దీనిమీదే నిలబడి ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న శరీరాన్ని మొత్తంగా చూస్తే, రక్తంలో వచ్చిన ఆక్సిజన్‌లో కణజాలం వాడుకునేది దాదాపు నాలుగో వంతే. మిగతాది సిరల్లో వెనక్కి పోతుంది. కాలి కండరానికి పని పెరిగితే, వచ్చే రక్తం నుంచే ఇంకాస్త ఆక్సిజన్ లాక్కోగలదు. దానికి ఆ వెసులుబాటు ఉంది. గుండె కండరానికి లేదు. మీరు కుర్చీలో కూర్చుని నా మాటలు వింటున్న ఈ క్షణంలోనే, మీ గుండె తనకు వచ్చిన ఆక్సిజన్‌లో 70 నుంచి 80 శాతం లాగేసుకుంటోంది. అందుకే గుండె కండరం నుంచి బయటికొచ్చే సిర రక్తం ఒంట్లోని రక్తాలన్నిటిలోకీ నల్లగా ఉంటుంది. ఇంకా లాగడానికి అందులో పెద్దగా మిగలదు.

పోనీ ఆక్సిజన్ లేకుండా కొంతసేపు నెట్టుకొస్తుందా? పరుగు పందెంలో కాలి కండరం అలా నెట్టుకొస్తుంది. గుండె ఆ పని చాలా తక్కువగా చేయగలదు. దానిలో నిల్వ ఉండే ఏటీపీ, అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి, కొత్తగా తయారు కాకపోతే పది సెకన్లకు మించి రాదు. మరి మెట్లెక్కేటప్పుడు, పరిగెత్తేటప్పుడు గుండెకు నాలుగైదు రెట్లు ఆక్సిజన్ కావాలి. అది తెచ్చుకోవడానికి ఒక్కటే దారి. రక్తమే నాలుగైదు రెట్లు ఎక్కువ రావాలి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో సరిగ్గా అదే జరుగుతుంది, అదీ కొద్ది సెకన్లలో.

దీనికి తోడు గుండెకు ఇంకే అవయవానికీ లేని చిక్కు ఒకటుంది. మిగతా అవయవాలకు గుండె ముడుచుకున్నప్పుడు రక్తం జోరుగా వెళ్తుంది. గుండె మాత్రం ముడుచుకున్నప్పుడల్లా తడిగుడ్డను పిండినట్టు తన గోడలో ఉన్న నాళాలను తానే పిండేస్తుంది. 1695లోనే స్కారముచ్చి అనే ఇటలీ వైద్యుడు ఈ మాట ఊహించాడు. గుండె సంకోచంలో లోపలి నాళాలు నొక్కుకుపోతాయని, సడలినప్పుడే అవి నిండుతాయని రాశాడు. కొలిచే పరికరమేదీ లేని కాలం అది. ఆ ఊహ నిజమే. ఎడమ జఠరికకు అందే రక్తంలో ఎక్కువ భాగం గుండె సడలిన వేళలోనే వస్తుంది. కుడి జఠరిక గోడ పలచన, అందులో ఒత్తిడీ తక్కువ, అందుకని దానికి ఈ బాధ అంతగా లేదు.

ఇందులోంచి రెండు విషయాలు తేలతాయి. మొదటిది గుండె వేగం. నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండెకు ఆ నిమిషంలో సడలి ఉండే సమయం మొత్తం కలిపితే సుమారు 40 సెకన్లు. వేగం 120కి చేరితే అది 30 సెకన్ల దగ్గరికి పడిపోతుంది. అంటే పని రెట్టింపయిన వేళే రక్తం అందే సమయం తగ్గిపోతోంది. నాళాలు బాగున్నవారికి ఇది లెక్కలోకి రాదు, వెడల్పయి సర్దుకుంటాయి. నాళాలు ఇరుకైనవారికి ఇదే ప్రాణసంకటం. రెండోది రక్తపోటులో కింది అంకె. 120/80 అన్నప్పుడు జనం పై అంకెనే చూస్తారు. గుండె కండరంలోకి రక్తాన్ని తోసేది ముఖ్యంగా ఆ కింది అంకె. బృహద్ధమని కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారే జబ్బులో ఈ కింది అంకె బాగా పడిపోతుంది. అలాంటివారికి కరోనరీ ధమనుల్లో ఏ అడ్డూ లేకపోయినా ఛాతీనొప్పి రావడానికి అదొక కారణం.

పిండుడు ఎక్కువ పడేది గోడ లోపలి పొరల మీద. ఆ పొరలకే ఆక్సిజన్ అవసరం కూడా ఎక్కువ. రక్తం కొరత ఎప్పుడు వచ్చినా, ఏ కారణంగా వచ్చినా, మొదట నష్టపోయేది ఆ లోపలి పొరలే. ఈ మాట తర్వాత మళ్ళీ వస్తుంది.

ఇక రక్తాన్ని పెంచేది, తగ్గించేది ఎవరు? పెద్ద ధమనులు కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి కేవలం దారి. రక్తానికి అవి పెట్టే అడ్డు నామమాత్రం. అసలు అడ్డంతా కండరంలో దాగిన చిన్న ధమనికల దగ్గర ఉంటుంది. మిల్లీమీటరులో మూడో వంతు నుంచి ఇంకా సన్నగా ఉంటాయవి. వాటి గోడలో కండరం ఉంటుంది. అది బిగిస్తే నాళం సన్నబడుతుంది, వదిలితే వెడల్పవుతుంది. మీకు యాంజియోగ్రామ్, అంటే నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే, తీసినప్పుడు తెరమీద కనిపించే చెట్టు కొమ్మలన్నీ పెద్ద ధమనులే. రక్తాన్ని నిజంగా నియంత్రించే ఈ ధమనికలు ఆ బొమ్మలో కనపడవు. గుండె జబ్బు గురించి మనకున్న అపోహల్లో సగం ఈ ఒక్క కారణం వల్లే పుట్టాయని నా నమ్మకం. కనిపించే నాళమే సర్వస్వమనుకున్నాం.

ఈ ధమనికల పనితనం ఎంతటిదో చూడండి. సగటు రక్తపోటు 60 నుంచి 140 దాకా ఎక్కడున్నా, గుండె చేసే పని మారనంతసేపు కండరానికి వెళ్ళే రక్తం దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. ఒత్తిడి తగ్గితే ధమనికలు వెడల్పవుతాయి, పెరిగితే బిగుసుకుంటాయి. దీన్ని స్వయం నియంత్రణ అంటాం. ఇంకొక ప్రయోగం. జంతువు గుండెలో ఒక కరోనరీ ధమనిని పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టి వదిలితే, రక్తం మామూలు స్థాయికి వచ్చి ఆగదు. నాలుగైదు రెట్లు ఉప్పొంగి, కొంతసేపటికి మళ్ళీ మామూలవుతుంది. ఆ కొద్ది సెకన్ల లోటు ధమనికలకు తెలిసిపోయింది.

ఎలా తెలిసింది? కండర కణానికి ఆక్సిజన్ చాలలేదన్న కబురు పక్కనున్న ధమనిక గోడకు ఎలా చేరుతోంది? ఈ ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు దశాబ్దాలు గడిపారు. 1963లో రాబర్ట్ బెర్న్ చాలా అందమైన సమాధానం ఇచ్చాడు. ఆక్సిజన్ తగ్గితే ఏటీపీ విరిగిపోతుంది, అందులోంచి అడినోసిన్ పుడుతుంది, అది కణం బయటికొచ్చి ధమనికను సడలిస్తుంది, రక్తం పెరగగానే అడినోసిన్ కొట్టుకుపోతుంది, ధమనిక మళ్ళీ బిగుస్తుంది. అవసరమే తన మందు తానే తయారు చేసుకుంటోంది! అడినోసిన్ ధమనికలను వెడల్పు చేస్తుందన్నది నిజం. ఇవాళ ఆసుపత్రుల్లో గుండె నాళాలను పూర్తిగా తెరిపించి పరీక్షించాలంటే ఎక్కించేది దాన్నే. కానీ తర్వాత ప్రయోగాల్లో అడినోసిన్ పని చేయకుండా అడ్డుకుని చూస్తే, ఆరోగ్యమైన గుండెలో వ్యాయామానికి తగ్గ రక్తం పెరుగుతూనే ఉంది. అంటే కబురు మోసేది అదొక్కటే కాదు. ధమనిక కండర కణాల్లో పొటాషియం ద్వారాలున్నాయి, కార్బన్ డయాక్సైడ్ ఉంది, ధమనిక గోడ తనమీద పడే ఒత్తిడికి తానే స్పందించే గుణం ఉంది. వీటిలో ఒకటి తప్పినా ఇంకొకటి ఆదుకుంటుంది. ఇంత ముఖ్యమైన పనిని శరీరం ఒక్క రసాయనం చేతిలో పెట్టలేదు.

నరాల పాత్ర కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. భయంలో, శ్రమలో సింపథెటిక్ నరాలు, అంటే మన ప్రమేయం లేకుండా ఒంటిని సిద్ధం చేసే నరాలు, గుండె వేగాన్ని, బలాన్ని పెంచుతాయి. పని పెరిగింది కాబట్టి నాళాలు తెరుచుకుంటాయి. అదే నరాలకు నాళాలను నేరుగా బిగించే శక్తి కూడా కొంత ఉంది. ఆరోగ్యవంతుల్లో మొదటిదే గెలుస్తుంది.

నాళం లోపొర గురించి మాత్రం తొందరపడి వెళ్ళలేను. ఒకప్పుడు ఎండోథీలియం అంటే నాళం లోపల అతికించిన పలచటి పూత అనుకునేవారు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, తన సహచరుడు జవాడ్‌స్కీతో కలిసి, కుందేలు బృహద్ధమని ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ప్రయోగించాడు. కొన్ని ముక్కలు సడలుతున్నాయి, కొన్ని సడలడం లేదు. తేడా ఎక్కడుందో వెతికితే, ముక్కలు కోసేటప్పుడు లోపొర రాపిడికి రాలిపోయిన ముక్కలు సడలడం లేదని తేలింది. అంటే కండరాన్ని సడలించే పదార్థమేదో ఆ లోపొరే పుట్టిస్తోంది. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం వడిగా పారితే ఆ రాపిడిని లోపొర గుర్తించి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, నాళం వెడల్పవుతుంది. అదే వాయువు ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా, గడ్డ కట్టకుండా కూడా కాపాడుతుంది.

1986లో మనుషుల కరోనరీ ధమనుల్లోకే ఎసిటైల్‌కోలిన్ పంపి చూశారు. ఆరోగ్యంగా ఉన్న నాళాలు వెడల్పయ్యాయి. కొవ్వు పేరుకున్న నాళాలు అదే మందుకు ముడుచుకుపోయాయి. పొగతాగడం, మధుమేహం, అధిక రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ ఈ లోపొరను పాడు చేస్తాయి. యాంజియోగ్రామ్‌లో ఏ ఇరుకూ కనపడకముందే, ఏళ్ళ ముందే పాడు చేస్తాయి. పొగతాగేవారు "నాకింకా ఏమీ కాలేదు" అంటే నాకు దిగులు వేసేది అందుకే. వారికి ఏమీ తెలియలేదు, అంతే.

ఇప్పుడు పెద్ద ధమనిలో పూడిక పెరుగుతోందనుకుందాం. ద్రవాలు గొట్టాల్లో పారే సూత్రం ప్రకారం అడ్డు వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వెడల్పు సగమైతే ఆ ముక్కలో అడ్డు 16 రెట్లవుతుంది. మరి రక్తం వెంటనే పడిపోవాలి కదా? పడిపోదు. 1974లో లాన్స్ గౌల్డ్ కుక్కల గుండెల్లో ధమనిని కొద్దికొద్దిగా బిగిస్తూ కొలిచాడు. వ్యాసంలో 85 శాతం దాకా ఇరుకయ్యేవరకు విశ్రాంతిలో రక్తం తగ్గనే లేదు. అదే, మందుతో ధమనికలను పూర్తిగా తెరిచి, ఎంత గరిష్ఠంగా పారగలదో చూస్తే, 30 నుంచి 45 శాతం ఇరుకు దగ్గరే తగ్గడం మొదలైంది.

అంటే ఏం జరిగింది? పెద్ద నాళంలో అడ్డు పెరిగిన కొద్దీ, దిగువన ధమనికలు తమను తాము వెడల్పు చేసుకుని మొత్తం అడ్డు పెరగకుండా చూశాయి. శ్రమవేళ వాడుకోవాల్సిన వెసులుబాటును కూర్చున్నప్పుడే వాడేశాయి. ఆ వెసులుబాటునే మేము కరోనరీ ఫ్లో రిజర్వ్ అంటాం, నిల్వ అనుకుందాం. విశ్రాంతిలో ఈసీజీ మామూలుగా ఉంటుంది, మనిషి బాగానే ఉంటాడు, నిల్వ మాత్రం కరిగిపోతూ ఉంటుంది. మెట్లెక్కితే ఇంకా తెరుచుకోవడానికి ధమనికల్లో ఏమీ మిగలదు. పెద్ద నాళంలో ఎంత ఒత్తిడి మిగిలితే అంత రక్తమే వస్తుంది. లోపలి పొరలకు అదీ సరిగా చేరదు. నొప్పి మొదలవుతుంది.

1772లో అచ్చయిన వ్యాసంలో విలియం హెబర్డెన్ ఈ నొప్పిని వర్ణించాడు. నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే, అదీ తిన్న వెంటనే అయితే, ఛాతీలో పట్టేసినట్టు వస్తుందని, నిలబడగానే పోతుందని రాశాడు. కారణం ఆయనకు తెలియదు. కానీ శ్రమకు, నొప్పికి ఉన్న ముడిని ఎంత సరిగ్గా పట్టుకున్నాడో! ఇప్పటికీ డాక్టరు మొదట అడగాల్సిన ప్రశ్న అదే. నొప్పి అందరికీ నొప్పిలా రాదని కూడా చెప్పాలి. కొందరికి ఆయాసమే, కొందరికి దవడలోనో ఎడమ చేతిలోనో బరువు, మధుమేహం ఉన్న కొందరికి ఏమీ తెలియకపోవడం.

నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్ మాత్ర 1879 నుంచి వైద్యంలో ఉంది, విలియం మరెల్ మొదలుపెట్టాడు. అది ఇచ్చేది ఆ నైట్రిక్ ఆక్సైడే అని తెలియడానికి వందేళ్ళు పట్టింది. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో, చివరి రోజుల్లో, గుండె కోసం డాక్టర్లు రాసిందీ ఇదే. ఈ మాత్ర చేసే పెద్ద మేలు చాలామంది అనుకునేది కాదు. ముఖ్యంగా సిరలను వదులు చేసి, గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. గుండె గోడ మీద ఒత్తిడి తగ్గి, ఆక్సిజన్ అవసరమే తగ్గుతుంది. బీటా బ్లాకర్ మాత్రలు వేగం తగ్గించి సడలింపు సమయాన్ని పెంచుతాయి. ఇందాక 40 సెకన్లు, 30 సెకన్లు అన్నాను చూడండి, ఆ లెక్కలోనే ఉంది వాటి బలం.

ఇప్పుడు 70 శాతం బ్లాక్ దగ్గరికి వద్దాం. ఆ శాతం ఆకారాన్ని చెబుతుంది, నిల్వ ఎంత మిగిలిందో చెప్పదు. ఇరుకు ఎంత పొడవుంది, దాని దిగువన ఎంత కండరం ఉంది, పక్క నాళాల నుంచి సాయం వస్తోందా, ధమనికలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ కలిస్తేనే అసలు సంగతి. అందుకే నికో పైల్స్, బెర్నార్డ్ డి బ్రైన్ అనే ఇద్దరు వైద్యులు 1990లలో ఒక పద్ధతిని నిలబెట్టారు. ఒత్తిడి కొలిచే సన్నటి తీగను ఇరుకు దాటించి, అడినోసిన్‌తో నాళాలను పూర్తిగా తెరిచి, ఇరుకుకు ముందూ వెనకా ఒత్తిళ్ళ నిష్పత్తి చూడటం. ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంటారు. 0.80 లేదా అంతకు తక్కువ వస్తే ఆ ఇరుకు నిజంగా రక్తాన్ని అడ్డుతోందని లెక్క. 2009లో వచ్చిన ఫేమ్ అధ్యయనంలో, కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన ఇరుకుల్లో నిజంగా రక్తాన్ని అడ్డుతున్నవి మూడింట ఒక వంతే. ఈ కొలత చూసి స్టెంట్లు, అంటే ఇరుకును తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టాలు, వేసినవారికి, కంటి అంచనాతో వేసినవారికన్నా మంచి జరిగింది, తక్కువ స్టెంట్లతోనే.

(సభలో ఒకరు: మా బంధువొకాయనకు ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చిందండి. నెల తిరక్కముందే గుండెపోటు వచ్చింది. మరి ఆ పరీక్ష ఎందుకు?)

మంచిది, అడిగారు. ఆయన ఎలా ఉన్నారు? కోలుకుంటున్నారా, సంతోషం. మీరడిగింది ఈ విషయం మొత్తానికి కీలకం. ట్రెడ్‌మిల్ పరీక్ష చూసేది నిల్వను. రక్తం పారడం ఇప్పుడు సరిపోతోందా లేదా అని చూస్తుంది. గుండెపోటు తరచుగా వేరే దారిలో వస్తుంది. 1987లో సేమూర్ గ్లాగోవ్ చూపించిందేమిటంటే, పూడిక పెరుగుతుంటే ధమని మొదట బయటివైపు ఉబ్బి చోటిస్తుంది. ధమని అడ్డుకోతలో 40 శాతం దాకా పూడిక ఆక్రమించేవరకు లోపలి దారి సన్నబడదు. అంటే నాళం గోడలో బోలెడు జబ్బు ఉండి, దారి మాత్రం మామూలుగా కనిపించవచ్చు. అలాంటి పూడికలో కొవ్వు ముద్దమీద పలచటి కప్పు ఉండి, వాపు వల్ల ఆ కప్పు బలహీనపడి ఒకరోజు చిట్లుతుంది. లోపలి పదార్థం తగలగానే రక్తం గడ్డ కడుతుంది. నిన్నటిదాకా రక్తం బాగా పారిన నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. గుండెపోట్లలో చాలా భాగం అంతకుముందు 50 శాతం కూడా ఇరుకు లేని చోట వచ్చినవేనని 1980లలో పాత యాంజియోగ్రామ్‌లతో పోల్చి చూసినవారు గుర్తించారు. 1980లో మార్కస్ డివుడ్ బృందం, గుండెపోటు మొదలైన మొదటి నాలుగు గంటల్లో యాంజియోగ్రామ్ తీసి చూస్తే, 87 శాతం మందిలో ఆ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. అంతవరకు గడ్డ గుండెపోటుకు కారణమా, ఫలితమా అని వాదన నడిచేది. అక్కడితో ఆ వాదన తేలిపోయింది.

కాబట్టి మీ బంధువుకు పరీక్ష అబద్ధం చెప్పలేదు. అది చూడగలిగినదే చూసింది. నొప్పి తెచ్చే ఇరుకు వేరు, చిట్లే పూడిక వేరు. రెండూ ఒకే జబ్బులోవే అయినా రెండింటికీ మందు ఒకటి కాదు. స్టెంట్ ఇరుకును తెరుస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, పొగ మానడం, రక్తపోటు అదుపు నాళాలన్నిటి గోడలనూ చిట్లకుండా కాపాడతాయి. నిలకడగా ఉన్న జబ్బుతో 5,000 మందికి పైగా చేరి, 2020లో ఫలితాలు అచ్చయిన ఇస్కీమియా అధ్యయనం ఇదే చూపించింది. మంచి మందులతో మొదలుపెట్టినవారికన్నా, ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవారిలో మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. నొప్పి మాత్రం బాగా తగ్గింది. నొప్పి ఎక్కువున్నవారికి అది చిన్న విషయం కాదు. ఇదంతా నిలకడగా ఉన్న జబ్బు సంగతి. గుండెపోటు వచ్చిన వేళ మూసుకున్న నాళాన్ని తెరవడం ప్రాణం నిలిపే పని, అక్కడ ఈ వాదనకు చోటు లేదు.

ఎందుకంటే కాలం ఎలా గడుస్తుందో చూడండి. నాళం మూసుకున్న నిమిషంలోపే ఆ భాగం ముడుచుకోవడం మానేస్తుంది, మిగతా గుండె ముడుచుకుంటుంటే అది బయటికి ఉబ్బుతుంది. టెన్నెంట్, విగ్గర్స్ 1935లోనే ఇది చూశారు. అప్పటికింకా కణాలు చనిపోలేదు. ఇరవై నిమిషాల లోపు రక్తం తిరిగొస్తే బతుకుతాయి. ఆ తర్వాత చావు లోపలి పొరల్లో మొదలై, అలలా బయటి పొరల వైపు పాకుతుంది. రైమర్, జెన్నింగ్స్ 1977లో కుక్కల గుండెల్లో 40 నిమిషాలు, 3 గంటలు, 6 గంటలు నాళాన్ని మూసి ఈ అలను మెట్టుమెట్టుగా చూపించారు. మనిషి గుండెలో పక్క నాళాల సాయాన్ని బట్టి ఈ వేగం మారుతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి ఇరుకు మెల్లగా పెరిగి, పక్కదారులు బలపడి, నాళం పూర్తిగా మూసుకున్నా కండరం బతికే ఉంటుంది. ఎవరికి ఆ సాయం ఉందో ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం. గ్యాస్ నొప్పి అనుకుని రాత్రంతా ఓర్చుకుని, తెల్లారి ఆసుపత్రికి వచ్చేవారిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే ఎదురుచూడకండి, అంబులెన్స్ పిలవండి.

రక్తం తిరిగొచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. పెద్ద నాళం తెరుచుకున్నా, దిగువన కేశనాళికలు వాచి, చెత్తతో మూసుకుపోయి, రక్తం కండరంలోకి దిగకపోవచ్చు. బతికి ఉన్న కండరం కూడా గంటలు, రోజులు మొద్దుబారి ఉండవచ్చు. ఇంకో రకం ఉంది. నెలల తరబడి తక్కువ రక్తంతో బతుకుతూ పని తగ్గించుకున్న కండరం. అది చచ్చిపోయిందని వదిలేయకూడదు, రక్తం అందిస్తే మళ్ళీ ముడుచుకోవచ్చు. ఇక వీటన్నిటిలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది 1986 నాటి ప్రయోగం. ముందు నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు రక్తం ఆపి, వదిలి, ఆ తర్వాత 40 నిమిషాలు ఆపితే, చనిపోయిన కండరం మామూలుగా చనిపోయేదానిలో నాలుగో వంతే. చిన్న కొరతలు చూసిన గుండె పెద్ద కొరతకు సిద్ధపడుతోంది. దీన్ని మందుగా మలచాలని చాలా ప్రయత్నాలు జరిగాయి, ఆశించినంత ఫలితం మనుషుల్లో రాలేదు. అయినా కణం లోపల అలాంటి రక్షణ ఉందన్నది చిన్న విషయం కాదు.

(సభలో ఒకామె: నాకు నడిస్తే నొప్పి వస్తుందండి. యాంజియోగ్రామ్‌లో బ్లాకులేవీ లేవన్నారు. ఆందోళన వల్ల అన్నారు.)

మీలాంటివారు చాలామంది ఉన్నారమ్మా, అందులోనూ ఆడవాళ్ళు ఎక్కువ. ముందు ఒక మాట. బ్లాకులు లేవన్నది మంచి కబురే, కానీ నొప్పి లేదని దాని అర్థం కాదు. పెద్ద నాళాలు బాగుండి ధమనికలే చెడిపోవచ్చు. అవి కావలసినంత తెరుచుకోకపోయినా, తప్పు వేళ బిగుసుకున్నా నిల్వ తగ్గిపోతుంది. వచ్చే నొప్పి అచ్చం అదే. దీన్ని సూక్ష్మనాళ ఆంజైనా అంటాం. గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి పేరే ఆంజైనా. రెండోది, పెద్ద నాళమే ఉన్నట్టుండి పట్టేసుకోవడం. 1959లో ప్రింజ్‌మెటల్ వర్ణించింది ఇదే. ఇది తరచుగా విశ్రాంతిలోనే, తెల్లవారుజామున వస్తుంది, కాసేపటికి పోతుంది, తర్వాత యాంజియోగ్రామ్ తీస్తే ఏమీ ఉండదు. ఇవి కాక రక్తహీనత చూడాలి. గుండె ఇప్పటికే ఆక్సిజన్‌ను దాదాపు పూర్తిగా లాగుతోంది కాబట్టి, రక్తంలోనే ఆక్సిజన్ తక్కువుంటే లోటు పూడ్చుకోవడానికి నిల్వనే ఖర్చు పెట్టాలి. కవాటం ఇరుకై గానీ, ఏళ్ళ తరబడి రక్తపోటు ఎక్కువై గానీ గోడ మందమెక్కిందేమో కూడా చూడాలి. కండరం పెరుగుతుంది, దానికి తగ్గట్టు సన్న నాళాలు పెరగవు.

మీ డాక్టరును అడగాల్సింది ఇదీ. హిమోగ్లోబిన్, గుండె గోడలను చూపే ఎకో స్కాన్ చూశారా? వాటిలో ఏమీ లేకపోతే అడినోసిన్‌తో నిల్వను, ఎసిటైల్‌కోలిన్‌తో నాళాలు పట్టేసుకునే గుణాన్ని కొలిచే సౌకర్యం ఎక్కడుంది? పీఈటీ, ఎంఆర్‌ఐలతో కూడా రక్తప్రసరణను కొలవవచ్చు. ఏ రకమో తేలితే మందు మారుతుంది. నాళం పట్టేసుకునే రకమైతే కాల్షియం ఛానల్ బ్లాకర్లు, నైట్రేట్లు పని చేస్తాయి, బీటా బ్లాకర్ వల్ల కొందరికి ఇబ్బంది పెరగవచ్చు. ధమనికలు తెరుచుకోని రకమైతే బీటా బ్లాకరే మొదట మేలు చేయవచ్చు. రెండింటిలోనూ రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ అదుపులో ఉండాలి, ఓపికున్నంత నడక ఉండాలి. రిపోర్టులన్నీ దగ్గరుంటే కార్యక్రమం అయ్యాక తీసుకురండి, కూర్చుని చూద్దాం.